సాక్షులు లేందే ఆన్ కాని కంప్యూటర్

ఆ మధ్యాహ్నం మూడున్నర దాటింది. గురజాలలో మా బావ ఆఫీసు గదిలో నలుగురం ఉన్నాం. నా మేనకోడలు శ్రీలక్ష్మి కంప్యూటర్ ముందు కూర్చుంది. పొలం రాసివ్వాల్సిన వీరయ్య, రాయించుకోవాల్సిన ఆయన చెల్లెలు సామ్రాజ్యం ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నారు. గోడవారన సాక్షుల బల్ల మీద నేనొక్కణ్నే ఉన్నాను.

శ్రీలక్ష్మి అప్పటికి పవర్ బటన్ పద్నాలుగుసార్లు నొక్కింది. పద్నాలుగుసార్లూ ముందున్న పచ్చ లైటు మిణుకుమని ఆరిపోయింది. వీరయ్య కండువా దులుపుకుని లేచి నిలబడ్డాడు. ఇంక నొక్కి లాభం లేదనుకుందేమో, శ్రీలక్ష్మి రెండు చేతులూ ఒళ్లో పెట్టేసుకుంది.

అప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే ఆ కంప్యూటర్ ఆన్ అయింది. లోపల ఫ్యాను గుర్రుమంది. తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి.

దానికి కొన్ని సెకన్ల ముందు ఇంకొకటి జరిగింది. అది దాని చోట చెబుతాను. ముందే చెబితే మిగతాది మీరు సరిగ్గా చదవరు.

నేను దినపత్రికలో ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా పనిచేశాను. ఈ ప్రాంతంలో ఏ ఊళ్లో చేతబడి అన్నా, ఏ ఇంటి మీద రాళ్లు పడుతున్నాయన్నా నన్నే పంపేవాళ్లు. వెళ్లిన ప్రతిచోటా ఆ రాళ్ల వెనక ఒక మనిషి దొరికేవాడు. చాలాసార్లు గట్టు తగాదా ఉన్న పక్కింటివాడే. శ్మశానాన్ని ఆనుకుని ఉన్న ఇంట్లో ఆరేళ్లు అద్దెకున్నాను. అక్కడ నన్ను నిద్రపోనివ్వనివి దోమలు మాత్రమే. దయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే, ఆ రోజు ఏం తిన్నావు, ఎన్నిగంటలు నిద్రపోయావు అని అడిగే మనిషిని నేను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మనిషినే.

మా బావ కోటేశ్వరరావు దస్తావేజులు రాసేవాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రెండు వీధుల అవతల సొంతిల్లు. ముందు గది ఆఫీసు. మా అక్క ఎప్పుడో పోయింది. కూతురు శ్రీలక్ష్మి ఎనిమిదేళ్లుగా ఆయన దగ్గరే టైపు చేసేది. ఆమె భర్త మాచర్లలో స్కూలు మాస్టారు. పొద్దున బైకు మీద వెళ్తే చీకటిపడే వేళకు వస్తాడు.

బావకు ఒక అలవాటుండేది. ఇద్దరు సాక్షులు వచ్చి బల్ల మీద కూర్చుంటే గానీ పెన్ను క్యాపు తీసేవాడు కాదు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి ఇది నవ్వులాట. సాక్షి సంతకాలు ఎలా పెట్టిస్తారో అందరికీ తెలుసు. కాయితం అంతా అయ్యాక టీ కొట్టు దగ్గర నిలబడ్డవాణ్ని పిలుస్తారు. అతను ఒక చేత్తో గ్లాసు పట్టుకుని ఇంకో చేత్తో సంతకం పెట్టి వెళ్లిపోతాడు. బావ కూడా కొత్తలో అలాగే పెట్టించాడు. అలాంటి కాయితం ఒకటి కోర్టుకెక్కింది. సాక్షి బోనెక్కి, నాకేం తెలీదండీ, పెట్టమంటే పెట్టా అన్నాడు. ఒక ముసలామె పొలం పోయింది. ఆమె బావ ఇంటి ముందుకొచ్చి, ఏమీ అనకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయిందట. తిట్టినా బాగుండేది, మర్చిపోయేవాణ్ని అనేవాడు బావ.

ఆ తర్వాత చేయించిందే ఈ బల్ల. తుమ్మచెక్క. సాక్షులిద్దరూ దాని మీద కూర్చోవాలి. ఎవరు ఎవరికి రాస్తున్నారు, ఏం రాస్తున్నారు, మీకు తెలుసా అని అడిగేవాడు. తెలుసంటేనే పని మొదలు. కంప్యూటర్ వచ్చాక పెన్ను క్యాపు పోయి పవర్ బటన్ వచ్చింది, అంతే తేడా. ఒక దస్తావేజు అయిపోగానే కంప్యూటర్ ఆపేసేవాడు. రెండో పార్టీ సాక్షులు కూర్చున్నాక మళ్లీ వేసేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో రోజుకు పదిసార్లు వేసి పదిసార్లు ఆపేవాడు.

“నాన్నా, ఇది పొయ్యి కాదు, ఊరికూరికే ఆర్పి ముట్టించడానికి” అని శ్రీలక్ష్మి సణిగేది.

“ఆర్పకపోతే నీ చేతులు ఊరుకుంటయ్యా? వాళ్లు రాకముందే కొట్టేస్తావు” అనేవాడు.

మొన్న ఎండాకాలం చివర్లో బావకు జబ్బు చేసింది. గుంటూరు ఆస్పత్రిలో మూడువారాలు ఉన్నాడు. ఇంటికి తిరిగి రాలేదు.

పెద్దకర్మ అయిన వారానికి శ్రీలక్ష్మి ఆఫీసు తెరిచింది. అప్పటి నుంచే కంప్యూటర్ తిప్పలు పెట్టడం మొదలుపెట్టింది. బటన్ నొక్కితే లైటు మిణుకుమనేది, ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగిపోయేది. ఇంకోసారి అసలు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మరోసారి మొదటి నొక్కుకే లేచి, సాయంత్రం దాకా చక్కగా పనిచేసేది. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో తెలీకపోవడమే అసలు బాధ. పార్టీలు వచ్చి ఎదురుచూసి, ఈ అమ్మాయితో కాదులే అని పక్క వీధికి పోసాగారు. తండ్రి పోయిన నెలలోనే ఆఫీసు పోతుందేమోనని ఆమె భయం.

నేను అప్పటికి రిటైరై నరసరావుపేటలో ఉంటున్నాను. వారానికో రెండు వారాలకో బస్సెక్కి వెళ్లేవాణ్ని.

పిడుగురాళ్లలో కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ వలి అనే కుర్రవాడిని శ్రీలక్ష్మి పిలిపించింది. పనిమంతుడు. సీపీయూ మూత తీసి, “సున్నం మేడం, మన వైపు మెషీన్లన్నిటికీ ఇదే రోగం” అన్నాడు. సున్నపు బట్టీల దుమ్ము గాలికి కొట్టుకొచ్చి లోపల తెల్లగా పేరుకుందని బ్లోయర్ పెట్టి ఊదాడు. ర్యాము తీసి దాని అంచులు పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టాడు. వెంటనే ఆన్ అయింది. అతను వెళ్లాక నొక్కితే రాలేదు.

రెండోసారి వచ్చి కరెంటు సరఫరా చేసే డబ్బా మార్చాడు. మూడోసారి బటనే అరిగిపోయిందన్నాడు. అది నాకూ నిజమేననిపించింది. రోజుకు పదిసార్లు చొప్పున అన్నేళ్లు నొక్కిన బటన్ అది. కొత్తది వేశాడు. తర్వాత ఎర్త్ సరిగా లేదని పెరట్లో గుంట తవ్వించి బొగ్గు, ఉప్పు పోయించాడు. ప్రతిసారీ అతను ఉన్నంతసేపూ వచ్చేది. ఒకసారి సీపీయూ మొత్తం షాపుకు తీసుకెళ్లి నాలుగు రోజులు పెట్టుకున్నాడు. అక్కడ ఒక్కసారి కూడా మొరాయించలేదట.

“ఏం లా సార్ దీనికి. మా షాపులో బంగారం. మీ ఇంట్లో కాలు పెడితేనే అలుగుద్ది” అన్నాడు నాతో.

పత్రికలో పనిచేసినవాడికి ఒక్కటే వైద్యం తెలుసు: రాసిపెట్టడం. శ్రీలక్ష్మికి ఒక నోటుబుక్కు ఇచ్చాను. నొక్కిన ప్రతిసారీ టైము, స్టెబిలైజర్ మీద వోల్టేజీ, వచ్చిందా రాలేదా, ఇవి రాయమన్నాను. పక్కన ఇంకొంచెం చోటు వదిలి, అప్పుడు ఏం జరుగుతుంటే అది రాయమన్నాను. పొలాల్లో మోటార్లు వేసే వేళకు వోల్టేజీ పడిపోతుంది కదా, కారణం అందులో బయటపడుతుందని నా లెక్క.

మూడు వారాల తర్వాత ఆ పుస్తకం తీసుకుని బస్సెక్కాను. పిడుగురాళ్ల వచ్చేలోపు చదవడం అయిపోయింది. వోల్టేజీకీ దానికీ సంబంధం లేదు. బాగా తక్కువున్న రోజు వచ్చింది, నిండుగా ఉన్న రోజు రాలేదు. ఎండకీ వానకీ సంబంధం లేదు. పక్కన వదిలిన చోటులో ఆమె రాసినవి చదువుతుంటే మాత్రం ఒకచోట ఆగిపోయాను. ‘ఒక్కదాన్నే, రాలేదు.’ ‘పార్టీ వచ్చింది, సాక్షులు ఇంకా రాలా, రాలేదు.’ ‘అందరూ కూర్చున్నారు, వచ్చింది.’ ‘మస్తానూ, ఆయన అసిస్టెంటూ బల్ల మీద టీ తాగుతున్నారు, వచ్చింది.’

నరసరావుపేట చేరేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దిగాక ఫోన్ చేసి, పుస్తకంలో ఏమైనా కనిపించిందా అని అడిగాను, నా మాటగా ఏమీ చెప్పకుండా.

“కనపడకేం మామయ్యా” అంది. “నాన్నకి సాక్షులు కావాలంట. బతికున్నన్నాళ్లూ పంతం నెగ్గించుకున్నాడు. ఇప్పుడు కూడానా?”

ఆ గొంతులో భయం లేదు. విసుగుంది.

తర్వాతి వారం వెళ్లి పరీక్ష పెట్టాను. ఒక మామూలు కారణం ఉండాలి. బల్ల ఉన్నచోట నేల నాపరాయి. కింద ఎక్కడో వైరు పోతుండవచ్చు. మనుషుల బరువుకు రాయి దిగి ఆ వైరు అతుక్కుంటుండవచ్చు. ఎలక్ట్రీషియన్ని పిలిచి రెండు రాళ్లు లేపించాం. కింద మొరం తప్ప ఏమీ లేదు. ఆ గది వైరింగంతా గోడ పైనుంచే పోతుంది.

బల్ల మీద రెండు బియ్యం బస్తాలు పెట్టి నొక్కాం. రాలేదు. బస్తాలు దించి నేనూ ఎలక్ట్రీషియనూ కూర్చున్నాం. వచ్చింది. ఆపేసి, అతన్ని లేపి, నేనొక్కణ్నే కూర్చున్నాను. రాలేదు. అతను గుమ్మంలో నిలబడ్డాడు. అయినా రాలేదు. అతను వచ్చి కూర్చున్నాడు. వచ్చింది. అతని చేతిలో వక్కపొడి పొట్లం ఒకటి అలాగే ఉండిపోయింది, నోట్లో వేసుకోలేదు. ఇంకో ఇంట్లో పనుందని చెప్పి వెళ్లిపోయాడు.

మస్తాన్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. “సార్, మీరు చెప్పేది కంప్యూటర్ కాదు, కోర్టు” అన్నాడు.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. కొనాలనే అనుకున్నాం. బావ తయారుచేసిన నమూనాలన్నీ శ్రీలక్ష్మి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది కూడా. ఈలోగా సామ్రాజ్యం పని పడింది.

సామ్రాజ్యంది ఇటు సాగర్ కాలువ కింద ఊరు. పేరు అక్కర్లేదు. వాళ్ల నాన్న పోతూ, చెల్లెలికి ఎకరన్నర ఇవ్వరా అని వీరయ్యతో చెప్పాడు. వీరయ్య సరేనన్నాడు. ఇరవై ఏళ్లు ఇవ్వలేదు. మధ్యలో సామ్రాజ్యం భర్త పోయాడు. ఆమె కూలికి వెళ్లింది. తనకిస్తానన్న ఆ ఎకరన్నరలోనే, అన్న వేసిన మిరపతోటలో, మిగతా ఆడవాళ్లతో కలిసి కాయలు కోసింది. ఇది ఆ ఊళ్లో అందరూ చూసిందే.

పోయిన వేసవిలో వీరయ్య మనసు మారింది. ఎందుకు మారిందో నేను అడగలేదు. కొడుకులిద్దరికీ ఇష్టం లేదు. ఆయన చెల్లెల్ని వెంటబెట్టుకుని బావ దగ్గరికొచ్చాడు. బావ పొలానికి వెళ్లి హద్దులు నడిచి చూసుకున్నాడు. బోరు నీళ్లలో ఆమె వంతు ఎంత, బండి దారి ఎంత వెడల్పు, అన్నీ నాలుగు రోజులు కూర్చోబెట్టి ఒప్పించి టైపు చేసి చదివి వినిపించాడు. ఇద్దరూ సరేనన్నారు. సంతకాల రోజు అనుకునేలోపు బావ ఆస్పత్రిలో చేరాడు.

దసరా వెళ్లాక ఒక పొద్దున వీరయ్య ఫోన్ చేశాడు. మధ్యాహ్నం వస్తున్నానన్నాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

“ఈయాల పెడితే పెడతా. రేపటికి నా మాట మీద నాకే నమ్మకం లేదమ్మా. ఇంట్లో రోజూ పోట్లాటే” అన్నాడు శ్రీలక్ష్మితో, వచ్చి కూర్చుంటూనే.

వేరేచోట మళ్లీ టైపు చేయిద్దామని నేనన్నాను. ఒప్పుకోలేదు. కోటేశ్వరరావు చదివి వినిపించిన కాయితం తప్ప ఇంకో అక్షరం మీద తన చెయ్యి పడదన్నాడు. ఆ కాయితం పెన్‌డ్రైవ్‌లో లేదు. శ్రీలక్ష్మి వెతికింది. బావ దాన్ని తనే టైపు చేశాడు. ఎక్కడ పెట్టాడో ఆమెకు చెప్పలేదు. కాబట్టి ఆ కంప్యూటర్ లేవాలి. నాలుగున్నర దాటితే రిజిస్ట్రారు ఆఫీసులో కొత్త కాయితం తీసుకోరు.

వీరయ్య ఇద్దరు సాక్షుల్ని వెంట తెచ్చాడు. వాళ్లు బల్ల మీద కూర్చోబోతుండగానే ఇద్దరికీ ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు వచ్చాయి. మాట్లాడుతూ బయటికెళ్లారు. టీ తాగొస్తాం అన్నారు. తిరిగి రాలేదు. ఫోన్ చేసింది కొడుకులేనని వీరయ్య మొహం చూస్తేనే తెలిసింది.

నేను బల్ల మీద ఎడమ చివర కూర్చున్నాను, ఒక సాక్షినైనా అవుతానని. ఆ బల్ల సంగతి ఇక్కడ చెప్పాలి. ఎడమవైపు ముందుకాలు అరంగుళం కురచ. అటు ఒక్కరే కూర్చుంటే టక్కుమని దిగుతుంది. రెండో చివర ఇంకొకరు కూర్చుంటే మళ్లీ పైకి లేచి సమంగా నిలబడుతుంది. కూర్చున్నవాళ్లకు తప్ప చూసేవాళ్లకు తెలిసేంత కదలిక కాదు.

శ్రీలక్ష్మి నొక్కింది. రాలేదు. సందు చివర టీ కొట్టాయనను బతిమాలి తీసుకొచ్చింది. ఆయన కూర్చున్నాడు. నా వైపు బల్ల లేచింది. మా లెక్క ప్రకారం ఇప్పుడు రావాలి. రాలేదు. ఆమె నొక్కుతూనే ఉంది.

“ఎవురిదమ్మా ఈ కాయితం? ఏంది సంగతి?” అని అడిగాడు టీ కొట్టాయన. ఎవరూ జవాబు చెప్పే స్థితిలో లేరు. అయిదు నిమిషాలు కూర్చుని, పాలు పొంగిపోతయ్యంటూ లేచి వెళ్లాడు. నా వైపు బల్ల టక్కుమని దిగింది.

మస్తాన్‌కి అప్పటికే ఫోన్ చేశాం. వచ్చి హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంకో మెషీనుకు తగిలిస్తానన్నాడు. కానీ పిడుగురాళ్ల నుంచి రావాలి.

వీరయ్య గడియారం చూశాడు. “ఏందమ్మా, మీ నాన్న పోతా పోతా దీని ప్రాణం కూడా మూటగట్టుకుని పోయాడా?” అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు గానీ నవ్వు రాలేదు ఎవరికీ. తర్వాత కండువా దులుపుకుని లేచాడు. “దేవుడికి ఇష్టం లేదులే.”

సామ్రాజ్యం అప్పుడు కూడా లేవలేదు.

“అన్నా” అంది. “దేవుడి మీదికి నెట్టబాక. ఇరవై ఏళ్లు ఆగా నేను. నువ్వు ఇంకో అరగంట ఆగలేవా?”

వీరయ్య గుమ్మం వైపు తిరిగాడు. శ్రీలక్ష్మి బటన్ మీంచి చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడు నా వైపు బల్ల పైకి లేచింది.

నిదానంగా లేచింది, ఒక పెద్దమనిషి మోకాళ్లు పట్టుకుని జాగ్రత్తగా కూర్చున్నప్పుడు లేచినట్టు. సమంగా నిలబడింది. నేను కుడివైపు చూశాను. బల్ల ఖాళీగా ఉంది. చల్లటి గాలి రావడం గానీ, వాసన గానీ, అలాంటివేమీ లేవు. మధ్యాహ్నపు వెలుగు చెక్క మీద పడుతోంది. తల తిప్పి శ్రీలక్ష్మిని చూసేలోపు కంప్యూటర్ ఆన్ అయింది.

నేను ముందుకు వంగానేమో, బరువు నా కాళ్ల మీదికి పోయి బల్ల లేచిందేమో అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. మర్నాడు పొద్దున అదే బల్ల మీద అదే చోట కూర్చుని ఎన్ని రకాలుగా వంగవచ్చో అన్ని రకాలుగా వంగి చూశాను. పూర్తిగా లేస్తే తప్ప అది లేవలేదు.

శ్రీలక్ష్మి కూర్చునేది బల్లకు ఎదురుగా. ఆమె ఒక్కసారి నా కుడివైపు ఖాళీలోకి చూసి, తల వంచుకుని పనిలో పడింది. ఏం చూసిందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

కాయితం ఎక్కడుందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. తెర మీద ఒక మూల, ఆమె ఎప్పుడూ తెరవని ఫోల్డరు ఒకటి ఉంది. పేరు ‘ఇంకా కూర్చోనివి’. అందులో ఆరేడు దస్తావేజులున్నాయి. సాక్షులు కూర్చోని కాయితాలు బావ అందులో దాచేవాడన్నమాట. సామ్రాజ్యం పేరుతో ఉన్నది తెరిచి ప్రింటు ఇచ్చింది.

వీరయ్య వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. శ్రీలక్ష్మి పైకి చదవడం మొదలుపెట్టింది. హద్దుల దగ్గరికి వచ్చేసరికి మస్తాన్ బ్యాగుతో లోపలికొచ్చి, వెలుగుతున్న తెరను చూసి ఆగిపోయాడు. బల్ల మీద కూర్చోమని సైగ చేశాను. అతను కూర్చుని మొదటి నుంచీ చదవమని అడిగాడు. శ్రీలక్ష్మి మళ్లీ మొదటి నుంచీ చదివింది. బోరు వంతు, బండి దారి, ఉత్తరం గట్టు మీది వేపచెట్టు ఎవరిది, అన్నీ. వీరయ్య ప్రతి వాక్యానికీ తల ఊపాడు. బావ పోయాక ఆయన అనుకున్న పద్ధతిలో జరిగిన మొదటి దస్తావేజు అదేననుకుంటాను.

చివరి పేజీకి వచ్చి శ్రీలక్ష్మి ఆగిపోయింది. పేజీ నా చేతికిచ్చింది.

సాక్షుల పేర్ల చోటు బావ ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాడు. మనుషులు వచ్చి కూర్చున్నాక మొహాలు చూసి, అడిగి, అప్పుడు కొట్టేవాడు. ఆ పేజీలో రెండో సాక్షి గీత ఖాళీగానే ఉంది. మొదటి గీత కింద నా పేరుంది. మా నాన్న పేరు, నా వయసు, నరసరావుపేట చిరునామా ఉన్నాయి.

నేను ఏ దస్తావేజుకూ అంతకుముందు సాక్షిగా లేను. వీరయ్య వాళ్లను చూడటం అదే మొదటిసారి. ఆ కాయితం వినిపించిన రోజున సాక్షుల చోటు ఖాళీ అని, నేను అడిగితే, అన్నాచెల్లెళ్లిద్దరూ వేరువేరుగా చెప్పారు.

చిరునామా ఇంకోసారి చదివాను. డోరు నంబరు సరిగ్గా ఉంది. బావ పెద్దకర్మ అయిన నెలకు నేను మారిన ఇల్లది. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ ఇల్లు ఉందన్న సంగతి కూడా నాకు తెలీదు.

టైము లేదు. నేను సంతకం పెట్టాను. మస్తాన్ పేరు రెండో గీత మీద చేత్తో రాసి అతనూ పెట్టాడు. రిజిస్ట్రారు ఆఫీసుకు దాదాపు పరుగెత్తాం. నాలుగున్నరకు రెండు నిమిషాల ముందు కాయితం తీసుకున్నారు. వేలిముద్రలు పడ్డాక సామ్రాజ్యం గోడకానుకుని కూర్చుని నీళ్లడిగింది. ఇప్పుడు ఆ ఎకరన్నరలో మిరప ఆమెదే. కోతలకు కూలీలను పిలిచేటప్పుడు ముందు తన పక్కన కాయలు కోసిన ఆడవాళ్లనే పిలుస్తుందట.

తిరిగొచ్చాక మస్తాన్ కంప్యూటర్ విప్పి చూశాడు. లోపల కండెన్సర్లు కొన్ని ఉబ్బాయని, అవి ఎప్పుడు చార్జి పట్టుకుని ఎప్పుడు వదులుతాయో ఎవరూ చెప్పలేరని, దానంతటది ఆన్ కావడం తాను ఇంతకుముందు కూడా చూశానని చెప్పాడు. నేను నమ్మాను. మరి మనుషుల లెక్కేంటి అని అడిగాను.

“అది నా సబ్జెక్టు కాదు సార్” అన్నాడు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ.

ఆ రోజు నుంచి శ్రీలక్ష్మి సాక్షులిద్దరూ కూర్చుని, టీ కొట్టాయనలా కాకుండా విషయం తెలుసని చెప్పాకే బటన్ నొక్కుతోంది. అలా నొక్కినప్పుడు అది రాని రోజు లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె మళ్లీ నొక్కలేదు. కాబట్టి ఒంటరిగా వస్తుందో రాదో తెలీదు. పక్క వీధికి పోయిన పార్టీలు కొన్ని తిరిగొచ్చాయి.

నా పేరు ఎవరు కొట్టారన్నది మిగిలింది. శ్రీలక్ష్మి తను కాదంది. ఆ ఫోల్డరు తెరవడమే ఆ రోజు మొదటిసారంది. ఆమె అబద్ధమాడదు. ఆడాల్సిన అవసరమూ లేదు. ఆ ఇంటికి ఎవరెవరు వస్తారో నాకు తెలుసు. వాళ్లలో నా డోరు నంబరు తెలిసినవాళ్లు ఆమే, ఆమె భర్తా. ఆయన దస్తావేజు అంటేనే ఆవులించే మనిషి.

ఏ ఫైలు చివరిసారి ఎప్పుడు మార్చారో కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. మస్తాన్‌ని అది చూడమన్నాను. ఫోల్డరులో మిగతా కాయితాలన్నిటికీ బావ బతికున్నప్పటి తేదీలే ఉన్నాయి. సామ్రాజ్యం కాయితానికి మాత్రం ఆ కంప్యూటర్ కొనడానికి చాలా ఏళ్ల ముందటి జనవరి ఒకటో తేదీ ఉంది. మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీ చచ్చిపోతే గడియారం అలా మొదటికి పోతుందని, అప్పుడు సేవ్ చేసిన ఫైలుకు ఆ దొంగ తేదీ పడుతుందని మస్తాన్ చెప్పాడు. తీసి చూస్తే బ్యాటరీ నిజంగానే చచ్చి ఉంది.

ఆఫీసు తిరిగి తెరిచాక మొదటి పది రోజుల్లో శ్రీలక్ష్మి కొట్టిన కాయితాలకు తేదీలు సరిగ్గా పడ్డాయి. అంటే బ్యాటరీ ఆ తర్వాతే చచ్చింది. అంటే ఆ ఫైలును ఎవరో బావ పోయిన తర్వాతే తెరిచి, మార్చి, సేవ్ చేశారు. ఏ రోజన్నది ఆ తేదీని బట్టి తేలదు.